పసుపు సీజన్‌లో తెల్ల దుప్పట్లు

నాకు మంచం మీద దుప్పటి పరచడం వచ్చు. ఇదీ ఒక గొప్పేనా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. నాలుగు మూలలూ గట్టిగా మడిచి, మధ్యలో ఒక్క ముడత లేకుండా, చేతిలో టీ చల్లారేలోపు మంచం సిద్ధం చేయగల మేనేజర్ ఆర్మూర్‌లో ఇంకొకరు ఉన్నారంటే నేను నమ్మను. చాలామంది మేనేజర్లకు కౌంటర్ వెనక కూర్చుని గంట కొట్టడం వచ్చు. గంట కొట్టడం గుడిలో పూజారికీ వచ్చు.

హైవే పక్కన ఇరవై రెండు గదుల హోటల్ మాది. కింద భోజనం, పైన బస. పదహారేళ్లుగా అక్కడే మేనేజర్‌ని. మా చుట్టాల్లో ఈ ఉద్యోగం ఎవరికీ నచ్చదు. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా మా మేనమామ అందరి ముందూ అడుగుతాడు: “ఏం రా అల్లుడా, డిగ్రీ చదివి ఇంకా మందికి పక్కలు పరుసుకుంటనే ఉన్నవా?” నేను కూడా అందరి ముందే చెబుతాను: “అవు మామా, నీ బిడ్డ పెండ్లికి వచ్చినోళ్లు పండుకున్నది నేను పరిచిన పక్కల మీదనే గదా!” ఆ తర్వాత ఆయన కాసేపు భోజనం మీద దృష్టి పెడతాడు.

నిజానికి ఈ పని నాకు ఇష్టం. ఇష్టమని చెప్పుకోవడానికి సిగ్గుపడే రకం కాదు నేను. ఎక్కడి నుంచో లారీలో నడుము విరిగి వచ్చినవాడు, ఏదో దవాఖానలో మనిషిని చేర్పించి వచ్చినవాడు, సరుకు అమ్ముడుపోతుందో లేదో తెలియక తల పట్టుకుని వచ్చినవాడు తాళంచెవి తీసుకుని పైకి వెళ్తాడు. పొద్దున దిగి వచ్చేటప్పుడు వాడి ముఖం చూస్తాను. నిద్ర పట్టిన ముఖం వేరేగా ఉంటుంది. ఆ ముఖం చూసిన రోజు నాకు టిఫిన్ కూడా రుచిగా ఉంటుంది.

ఇంత డాబుగా చెప్పుకునే ఈ ఉద్యోగంలోనే ఒకసారి నా వల్ల ఒక మనిషి నౌకరీ పోబోయింది. తప్పు నాది. మాట పడింది ఆమె. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా దగ్గర సంక్రాంతి దాటిందంటే పసుపు తవ్వడం షురూ అవుతుంది. అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మా హోటల్‌కి వచ్చేవాళ్లలో సగం మంది పసుపు మనుషులే. కొనేవాళ్లు, కొనేవాళ్ల తరఫున సరుకు చూసేవాళ్లు, పసుపు ఉడకబెట్టే మిషన్లు తెచ్చేవాళ్లు, కొమ్ములకు పాలిష్ పట్టేవాళ్లు. ఎంత కడుక్కున్నా వాళ్ల చేతులు పచ్చగానే ఉంటాయి. గోళ్ల సందుల్లో, మెడ మడతల్లో, చెవుల వెనక పసుపు. పడుకుని లేస్తే దుప్పటి మీద మనిషి ఆకారం దిగిపోయి ఉంటుంది. తలగడ మీద చెంప, పక్కన చేయి, కింద మోకాలు. పోలీసులకు వేలిముద్రల అవసరం లేదు, మా దుప్పట్లు చూస్తే చాలు.

నేను చేరిన కొత్తలో మా సేటు ఈ మరకలు చూసి తిట్టని రోజు లేదు. సేటు అంటే హోటల్ యజమాని. ఆయనా పసుపు పండించిన ఇంటి మనిషే. అయినా తన పొలంలో పసుపు బంగారం, తన హోటల్లో పసుపు దరిద్రం. రెండో ఏడు నేనొక పని చేశాను. సీజన్ మొదలుకాగానే తెల్ల దుప్పట్లన్నీ కట్టగట్టి బీరువాలో పెట్టి, ముదురు పసుపు రంగు దుప్పట్లు కుట్టించి ఇరవై రెండు గదుల్లో పరిచాను. మరక ఉంటుంది, కనబడదు. సేటు మెట్లెక్కి వచ్చి, గదుల్లో తిరిగి, ఏమీ అనకుండా దిగిపోయాడు. మా సేటు ఏమీ అనలేదంటే మెచ్చుకున్నాడని అర్థం. అప్పటి నుంచి ఏటా అదే పద్ధతి.

ఆ గదులు శుభ్రం చేసేది మా అక్క. సొంత అక్క కాదు. నాకంటే ఐదారేళ్లు పెద్దది, అందుకని మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాను. పక్కనే పెర్కిట్‌లో ఇల్లు. భర్త లేడు, చదువుకునే కూతురు ఉంది. నేను చేరిన రెండేళ్లకు ఆమె చేరింది. దుప్పటి మూల ఎలా మడవాలో ఆమెకు నేర్పింది నేనే. మిగతావన్నీ ఆమె నాకు నేర్పింది. ఏ గదిలో కుళాయి చుక్కలు కారుతుందో నీళ్ల శబ్దం విని చెప్పేది. ఏ మనిషి తాగి వచ్చాడో చెప్పులు విడిచిన తీరు చూసి చెప్పేది. పసుపు మరకకు మందు ఏమిటని ఒకసారి అడిగితే, “ఎండనే సారూ. ఉత్త నీళ్లల్ల జాడిచ్చి రెండు మూడు దినాలు ఎండకేస్తే అదే పోతది. పసుపు ఎండకు ఆగది” అంది. మా డాబా మీద తాళ్లు కట్టిన రోజుల్లో అటువైపు ఊరి గుట్ట కనబడేది కాదు, అన్ని దుప్పట్లు వేలాడేవి.

ఇలా ఎవరి పని వాళ్లం సంతోషంగా చేసుకుంటుండగా సేటుకు ఒక ఆలోచన వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉంది. చిన్న ఊళ్లలో హోటళ్లను చూసి, నచ్చితే తమ పేరు బోర్డు పెడుతుంది, ఫోన్‌లో గదులు బుక్ అయ్యేలా చేస్తుంది. వాళ్లు మా హోటల్ చూడటానికి వస్తామన్నారు. వచ్చేది సరిగ్గా పసుపు సీజన్ నడి మధ్యలో.

సేటు నన్ను పిలిచి, “పసుపు చద్దర్లు తీసెయ్. కంపెనోళ్లకు అంత తెల్లగుండాలె” అన్నాడు.

“సేటూ, సీజన్ల తెల్లయి ఏస్తే వారంల పచ్చగైతయి” అన్నాను.

“వారమే గదా, నువ్వున్నవ్ గదా” అన్నాడు.

ఆ రెండో మాటతో నన్ను పడగొట్టాడు. నేనున్నాను కదా! పొగిడితే పొంగిపోయే గుణం నాది, సేటుకు తెలుసు. కొత్త తెల్ల దుప్పట్లు వచ్చాయి. పరిచాము. అనుకున్నట్టే వారంలో వాటి మీద మనుషులు దిగిపోయారు.

కంపెనీవాళ్లు రేపు పొద్దున వస్తారనగా మధ్యాహ్నం లెక్క చూస్తే మచ్చలేని దుప్పట్లు పది కూడా లేవు. ఉన్నవాటిని ముందు గదుల్లో పరిచి, మిగతా గదులకు తాళం వేసి, మనుషులున్నారని చెప్పొచ్చు. అలా చేసే మేనేజర్లు ఉన్నారు. నేను అలాంటివాణ్ని కాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ గది తలుపు తీసినా తెల్లగా ఉండాలి. అక్కను డాబా మీదికి పిలిచి, మిగతావన్నీ బట్టల సోడాలో నానబెట్టమన్నాను.

ఆమె కదల్లేదు. “సోడా వద్దు సారూ. పసుపుకు సోడా పడదు.”

“మరకలు ఎట్ల పోవాలె?”

“ఎండకేద్దాం. ఇయ్యాల కొంచెం పోతది, రేపు కొంచెం పోతది. జర పచ్చగుంటే ఏమైతది? వచ్చేటోళ్లకు మన ఊరు పసుపు ఊరని తెల్వదా?”

“రేపు పొద్దుగాల వస్తున్నరు అక్కా, ఎల్లుండి కాదు.”

“నా మాటిను సారూ, సోడా ఏస్తే ఆగమైతది.”

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా కోపం గురించి నేను చెప్పకూడదు, మా వంటవాళ్లు చెప్పాలి. “గీడ మేనేజర్ నేనా, నువ్వా? నాకు రాని పనుంటదా? చెప్పిన పని చెయ్యి!” అని అరిచాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, కొంగు నడుముకు దోపుకుని, తొట్టి దగ్గరికి వెళ్లింది. నేను కిందికి దిగి వెళ్లాను.

ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రగా అవుతాయని మా ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. పెళ్లికూతురు గడప దగ్గర నిలబడితే, బాలింత ఇంటికి వస్తే, ఆ ఎర్రనీళ్లతోనే దిష్టి తీస్తాం. నేను పుట్టింది పసుపు రైతు ఇంట్లో. నా చేతులతో ఎన్నిసార్లో సున్నం అందించాను. సున్నం చేసే పనే సోడా కూడా చేస్తుందని ఆ మధ్యాహ్నం నా బుర్రకు తట్టలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి హోటల్ మేనేజర్‌కి తెలియకుండా పోయింది.

సాయంత్రం డాబా ఎక్కి చూస్తే తాళ్ల మీద దుప్పట్లన్నీ ఎర్రటి మచ్చలతో ఉన్నాయి. మోకాలు ఉన్నచోట ఎరుపు, చేయి ఉన్నచోట ఎరుపు. మనిషిని పొడిచినట్టు ఉన్నాయి. అక్క ఒక పక్కన నిలబడి ఉంది. ‘నేను చెప్పలేదా’ అనలేదు. అని ఉంటే నేను ఇంకోసారి అరిచేవాణ్ని, ఇద్దరికీ సరిపోయేది.

“మల్ల జాడిస్తనే ఉన్న సారూ. సోడా అంత పోలే, ఇంకా నాలుగు నీళ్లు కావాలె. ట్యాంకుల నీళ్లు అయిపోయినయి” అంది.

రెండో తప్పు నేను అప్పుడు చేశాను. మచ్చలు కాళ్ల వైపు వచ్చేలా పరిచి, పైన రగ్గు మడిచి పెట్టమన్నాను. మడిచిన రగ్గును విప్పి చూసేదెవరు అనుకున్నాను.

పొద్దున ఇద్దరు వచ్చారు, ఒక మేడం, ఒక సారు. మంచి మనుషులే. మేడం గదిలోకి రాగానే చేసిన మొదటి పని రగ్గు తీయడం. ఆ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా మొదట అదే చేస్తారు. ఆమె స్థానంలో నేనుంటే నేనూ అదే చేస్తాను. తీసిన రగ్గును అలాగే పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఇదేంటి? రక్తమా?”

సేటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “గదేంది?” అని నా వైపు తిరిగాడు.

“రక్తం కాదు మేడం, పసుపు” అన్నాను.

“పసుపు ఎర్రగా ఉంటుందా?” అంది ఆమె. సారు ఫోన్ తీసి ఫొటో తీసుకుంటున్నాడు.

నాకు నోట మాట రాలేదు. జీవితంలో నాకు నోట మాట రాని సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈలోపు మా వెనక నిలబడి ఉన్న అక్క గదిలోంచి బయటికి వెళ్లింది, మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. కింద వంటగదిలోంచి సగం నిమ్మకాయ పట్టుకుని వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా మంచం దగ్గరికి వెళ్లి, ఒక ఎర్రమచ్చ మీద పిండింది. మచ్చ అందరి కళ్ల ముందే ఎరుపు విరిగి పచ్చగా మారింది. పచ్చటి, మామూలు, మా ఊరి పసుపు.

రోజూ పసుపు దుప్పట్లు జాడించి, చేతులు కడుక్కునేటప్పుడు సబ్బు తగిలి ఎర్రబడిన అరచేతులను ఆమె మా హోటల్ నిమ్మచెక్కలతోనే రుద్దుకునేది. నిమ్మకాయ కిటుకు అలా తెలుసు. ఈ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది.

మచ్చ మారగానే నాకు మాట వచ్చింది. ఎలా వచ్చిందని! పసుపు గుణం చెప్పాను, సున్నం చెప్పాను, దిష్టి నీళ్లు చెప్పాను, మా దగ్గరి రైతుల గురించి, సీజన్‌లో మేం పరిచే పసుపు దుప్పట్ల గురించి చెప్పాను. ఆ సారు నవ్వడం మొదలుపెట్టాడు. మేడం తానే నిమ్మచెక్క తీసుకుని ఇంకో మచ్చ మీద పిండి చూసింది. “మేనేజర్ గారు ఉపన్యాసాలు బాగా ఇస్తారు. ఇలాంటివాళ్లు ఉండాలి” అంది సేటుతో.

సేటు ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరి రాగానే కోపం కూడా వచ్చింది. “సోడాల నానబెట్టిన సోయి లేనోళ్లు ఎవరు?” అన్నాడు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. నాకు ఇప్పటికీ ఆ గది కళ్లకు కట్టినట్టు ఉంది. కిటికీ పక్కన మేడం, తలుపు దగ్గర సేటు, మంచానికి ఈ పక్క నేను, ఆ పక్క అక్క. చేతిలో పిండేసిన నిమ్మచెక్క. నేను మేడం వైపు చూశాను. నన్ను మెచ్చుకున్న నవ్వు ఇంకా ఆమె ముఖం మీద ఉంది.

“నేనే సేటూ” అంది అక్క.

నేను ఊరుకున్నాను.

కంపెనీవాళ్లు మిగతా గదులు చూసి, కింద భోంచేసి, వెళ్లేముందు నాకొక ఫారం ఇచ్చారు. తమ బోర్డు పెట్టబోయే ప్రతి హోటల్ మేనేజర్ దగ్గరా రాయించుకుంటారట. ఈ ఉద్యోగంలో మీకు తృప్తి ఉందా, పొద్దున లేవగానే పనికి రావాలనిపిస్తుందా, ఇంకెక్కడైనా ఎక్కువ ఇస్తే వెళ్లిపోతారా, ఇలాంటివి. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, నచ్చిన దాని చుట్టూ సున్నా చుట్టాలి. “బాగా రాయండి, మీ గురించి నేను చెబుతాను. మీ కింద రెండు మూడు హోటళ్లు ఉండాల్సిన మనిషి మీరు” అంది మేడం.

వాళ్ల కారు కదలగానే సేటు నన్ను పక్కకు పిలిచాడు. “గామెను రేపటి సంది రావద్దను. ఇయ్యాల పసుపును నెత్తురు జేసింది, రేపు ఇంకోటి జేస్తది” అని, బండెక్కి నిజామాబాద్‌లో ఏదో పని ఉందని వెళ్లిపోయాడు.

అక్కకు ఆ మాట చెప్పాల్సింది నేను. చెప్పాను కూడా, కానీ మగవాడు చెప్పినట్టు చెప్పలేదు, పిల్లి చెప్పినట్టు చెప్పాను. “సేటు జర గరమున్నడు అక్కా. నాలుగు రోజులు ఇంటికాడ ఉండు” అన్నాను. నాలుగు రోజులంటే ఎన్ని రోజులో ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్లుగా పని చేస్తున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? చీపురు మూలన నిలబెట్టి, టిఫిన్ గిన్నె సంచిలో పెట్టుకుని, “సరే సారూ” అని మెట్లు దిగి పోయింది.

ఆ మధ్యాహ్నం కౌంటర్‌లో కూర్చుని ఫారం రాశాను. తృప్తి ఉందా? ఐదు. పనికి రావాలనిపిస్తుందా? ఐదు. వెళ్లిపోతారా? ఈ ఒక్కదానికి ఒకటి. అబద్ధాలేమీ కాదు. నాకు నిజంగా తృప్తి ఉంది. చివర్లో నాలుగు ఖాళీ గీతలు ఉన్నాయి: మీరు ఈ వృత్తిలో ఎందుకు కొనసాగుతున్నారో మీ మాటల్లో రాయండి.

నా దగ్గర మాటలకు కరువా? వెంటనే రాయడం మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో నేను రూమ్ బాయ్‌గా ఉన్న రోజుల్లో ఒక గెస్ట్ చేతి గడియారం పోయింది. ఆ పొద్దున ఆ గది శుభ్రం చేసింది నేను. అందరూ నా వైపు చూస్తుంటే మా సూపర్‌వైజర్ ముందుకు వచ్చి, “గది సరిగ్గా చూసుకోమని ఇతనికి చెప్పాల్సింది నేను, చెప్పలేదు, అడిగేదుంటే నన్ను అడగండి” అన్నాడు. గడియారం సాయంత్రానికి గెస్ట్ సూట్‌కేసులోనే దొరికింది. అయితే అది దొరక్కముందే నేను నిర్ణయించుకున్నాను, పని చేస్తే ఇలాంటి మనిషిలా చేయాలని.

దీంతో రెండు గీతలు నిండాయి. మూడో గీత దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఫారం సొరుగులో పడేశాను. సేటు ఊళ్లో లేడు కాబట్టి ఇప్పుడు చెప్పేదేముంది అనుకున్నాను. ఫోన్ జేబులోనే ఉంది. మేడం మాట ఇంకా చెవిలో ఉంది: రెండు మూడు హోటళ్లు. ఆ రోజు చీకటి పడినా నేను ఫోన్ తీయలేదు. దీన్ని భయం అనండి, ఆశ అనండి, రెండూ కలిపి అనండి. నన్ను చూసి నేను పెద్దగా సిగ్గుపడే మనిషిని కాదు. ఆ పూట మాత్రం పడ్డాను, చాలా పడ్డాను.

మర్నాడు సేటు కౌంటర్ దగ్గరికి వచ్చి టీ అడిగాడు. గ్లాసు ఆయన చేతికి ఇస్తూనే చెప్పేశాను.

“సేటూ, సోడా ఏయమన్నది నేను. అక్క వద్దన్నది. రెండుసార్లు చెప్పింది. నేనే ఇనలే, మీదికెల్లి ఒర్రిన.”

ఆయన టీ తాగలేదు. “మరి నిన్న నోరు యాడ పెట్టుకున్నవ్?”

“భయమైంది సేటూ.”

“నీకా? నీకు భయం లేదనే గదా పదహారేండ్ల సంది నిన్ను గీ కుర్సీల కూసోబెట్టిన!”

ఆయన టీ మొత్తం తాగేదాకా నన్ను అలాగే నిలబెట్టాడు. గ్లాసు కింద పెట్టి, “కంపెనీ మేడంకు ఫోన్ జెయ్యి. నా ముంగటనే చెప్పు” అన్నాడు.

చేశాను. సోడా సంగతి, రగ్గు మడిచి మచ్చ దాచిన సంగతి రెండూ చెప్పాను. మేడం, “నిమ్మకాయ ఆలోచన?” అంది.

“అది కూడా ఆమెదే మేడం.”

“సరేనండి, చెప్పినందుకు థాంక్స్” అని పెట్టేసింది. రెండు మూడు హోటళ్లు ఆ థాంక్స్‌తోనే వెళ్లిపోయాయని నాకు అర్థమైంది. వాళ్ల బోర్డు కూడా మా హోటల్ మీదికి రాలేదు, లిఫ్టు లేదని ఉత్తరం రాశారు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక మాత్రం నా వీపు మళ్లీ నిటారుగా అయింది.

“పోయి ఆమెను తీస్కరాపో” అన్నాడు సేటు.

పెర్కిట్‌లో ఇంటికి తాళం ఉంది. బాల్కొండ రోడ్డు మీద పసుపు కల్లంలో కూలికి పోయిందని పక్కింటామె చెప్పింది. నిన్న మధ్యాహ్నం పని పోయిన మనిషి ఇవాళ పొద్దున ఇంకో పనిలో ఉంది. మేం మేనేజర్లం ఉద్యోగం పోతే నెల రోజులు మంచం పడతాం.

రోడ్డు నుంచి బండి మీద పొలం బాట పట్టి వెళ్లాను. ఉడికిన పసుపు వాసన దూరం నుంచే తగిలింది. నేల మీద పచ్చగా పరిచిన కొమ్ముల పక్కన పది పన్నెండు మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఏరుతున్నారు. ఇస్త్రీ చొక్కాతో, మెరిసే బూట్లతో నేను అక్కడ నిలబడితే అందరూ చేతులు ఆపి చూశారు. అక్క మాత్రం ఆపలేదు.

“అక్కా, సోడా నేనే ఏయమన్ననని సేటుకు చెప్పిన. మేడంకు సుత ఫోన్ జేసి చెప్పిన. నిమ్మకాయ నీదేనని చెప్పిన. నడువు, పోదాం.”

“మంచిగ జేసిన్రు” అంది కొమ్ములు ఏరుతూనే. “ఐదో దినం వస్త సారూ.”

“ఐదో దినం ఎందుకు, ఇప్పుడే రా.”

“నాలుగు దినాలు వస్తనని గుంపు పెద్దామెకు మాటిచ్చిన. నడిమిట్ల ఇడిసిపెడితే మల్ల ఎవలైనా నన్ను పిలుస్తరా?”

పద్నాలుగేళ్ల పని మేం ఒక్క పూటలో తెంపేశాం. నాలుగు రోజుల కూలి పనిని ఆమె తెంపనంటోంది. తృప్తి, నిబద్ధత అని ఫారంలో అన్ని ప్రశ్నలు పెట్టారు గానీ, ఎవరి దగ్గర రాయించుకోవాలో ఆ కంపెనీకి తెలియలేదు.

“మరి నాలుగు దినాలు ఇరవై రెండు గదులు ఎవలు జేస్తరు?” అన్నాను.

“మీరు లేరా? మీకు రాని పనుంటదా సారూ?” అంది. ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నా మాట నాకే అప్పజెప్పింది, నవ్వక ఏం చేస్తాను? చేస్తానన్నాను. చేశాను కూడా, నాలుగు రోజులూ, ఒక్కణ్నే, ఒక్క ముడత లేకుండా.

అంతా సర్దుకుందనుకుని బండి వైపు తిరిగాను. అప్పుడు వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. ఈసారి ఎవరికీ వినబడకుండా, నాకు ఒక్కడికే అన్నట్టు నెమ్మదిగా అంది.

“నిన్న పొద్దుగూకేదాంక ఇంటికాడ ఫోన్ చేతుల పట్టుకొని కూసున్న సారూ. మీరు సేటుకు చెప్తరనే అనుకున్న.”

కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ని. కోపంగా ఉన్నవాళ్లతో మాట్లాడటం నాకు రోజూ ఉండే పనే. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె తల వంచుకుని మళ్లీ కొమ్ములు ఏరుతోంది. నేను బండి స్టార్ట్ చేయకుండా రోడ్డు దాకా తోసుకుంటూ వెళ్లాను.